ఎనిమిదంతస్తుల కొండ

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. సరే, ఇవ్వకపోయినా చెప్తాను. మా భవనంలో ఉన్న ముప్ఫై రెండు ఇళ్లవాళ్లూ ఇప్పటికే తనివితీరా నవ్వేశారు. కొత్తగా మీరు నవ్వితే నాకు పోయే పరువేమీ మిగల్లేదు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లుగా జనాన్ని పైకి పంపిస్తున్నాను, కిందికి దింపుతున్నాను, మధ్యలో ఇరుక్కుంటే బయటికి లాగుతున్నాను. మా ఇల్లు ఎనిమిదో అంతస్తులో, అంటే చిట్టచివర. లిఫ్టు మెకానిక్ అయ్యుండి కింది అంతస్తులో కాపురం పెడితే వృత్తికే అవమానమని పట్టుబట్టి తీసుకున్నాను. మొన్నమొన్నటిదాకా ఆ భవనానికి మెట్లెన్ని ఉన్నాయో నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. నూట డెబ్భై ఆరు.

మా ఆవిడ కూడా మా కంపెనీలోనే పనిచేస్తుంది. ఆఫీసు నేలమాళిగలో, కిటికీ లేని ఫిర్యాదుల గది ఆవిడది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బొత్తాం నొక్కితే ఆవిడ బల్ల మీద ఫోన్ మోగుతుంది. ఆవిడ ధైర్యం చెప్పి, చీటీ రాసి నాకు పంపిస్తుంది. నేను వెళ్లి బాగుచేస్తాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ నాకు పని పురమాయించేది ఒకే మనిషి కావడం వల్ల, నాకు ఎక్కడికి పారిపోవాలో ఎప్పుడూ తేలదు.

ఇక మా హాల్లో గోడ మీదున్న ఫొటో సంగతి. ఈ గొడవంతటికీ మూలం అదే. అందులో ఇరవయ్యొక్కేళ్ల నేను, భుజాన తాడు చుట్టలు చుట్టుకుని, ఒక కాలు బండరాయి మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంటాను. వెనకాల మంచుకొండ. ఆ కొండ నేనెక్కానని పెళ్లికి ముందు మా ఆవిడకి చెప్పాను. పెళ్లయ్యాక వాళ్ల అన్నయ్యలకి చెప్పాను. తర్వాత ఆఫీసులో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొండ కొంచెం ఎత్తు పెరిగింది.

నిజానికి ఆ కొండ మా ఊళ్లో ఫొటో స్టూడియోలో గుడ్డ మీద వేసిన బొమ్మ. బండరాయి, దుప్పటి కప్పిన స్టూలు. తాడు మా అమ్మ బట్టలారేసుకునేది. ఎత్తంటే నాకు చిన్నప్పట్నుంచీ కాళ్లు వణుకుతాయి. మరి లిఫ్టు పని ఎలా చేస్తున్నావయ్యా అంటారేమో. లిఫ్టు గుంత చీకటిగా ఉంటుంది కాబట్టి ఎంత ఎత్తులో ఉన్నానో కనపడదు.

ఇలా ఇరవై రెండేళ్లు సుఖంగా గడిచిపోయాయి. అప్పుడు మా ఆవిడ ఒక ఆదివారం పొద్దున రంగుల యాత్రా పుస్తకం ఒకటి పట్టుకొచ్చి నా టీ కప్పు పక్కన పెట్టింది.

ఎక్కడో కొండల మధ్య ఇరుక్కున్న చిన్న బౌద్ధ దేశం. పేరు పలకడానికే నాకు ఆయాసం వచ్చింది. రైలు లేదు, సముద్రం లేదు, ఆరు రోజులు నడక. దారిలో పల్లెల్లో బస. చివర్న నిటారు కొండ అంచున, ఎవరో గోడకి అతికించినట్టు ఒక ఆరామం. అక్కడ భిక్షువులతో రెండు రోజులు ఉండి, వాళ్ల ప్రార్థనలు విని, పొద్దున పూట మౌనంగా కూర్చుని రావడం. అదీ యాత్ర.

"సెలవులు మూడేళ్ల నుంచి దాచుకున్నా. ఇద్దరం వెళ్దాం," అంది మా ఆవిడ.

ఇది ఆరోసారి. ఇంతకు ముందు ఐదుసార్లు ఆవిడ ఏదో ఒక కొండ పేరు చెప్పింది, నేను ఐదుసార్లు ఏదో ఒక అడ్డు చెప్పాను. ఒకసారి నడుం నొప్పి, ఒకసారి ఆఫీసు, ఒకసారి మా తమ్ముడి పెళ్లి. ఆ పెళ్లి ఇప్పటికీ కాలేదు. ఈసారి కూడా గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా ఆవిడ మాట్లాడింది.

"పందొమ్మిదేళ్లుగా నా ఉద్యోగమంతా ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్ల గొంతులు వినడమేనండీ. గాలాడట్లేదమ్మా అంటారు. నాకూ ఆడట్లేదు అని ఎప్పుడూ చెప్పలేకపోయా. ఒక్కసారి ఆ పైన నిలబడి గాలి పీల్చుకోవాలని ఉంది."

ఇలా అడిగితే కాదనే మగాడు ఉంటాడా. నేనూ కాదనలేదు. సరేనన్నాను. లోపల మాత్రం రెండు భయాలు. ఎక్కడం ఒక భయం. పదడుగులు ఎక్కగానే ఇరవై రెండేళ్ల అబద్ధం బయటపడటం ఇంకో భయం. రెండో భయమే పెద్దది.

మర్నాడు ఆవిడ ఆ ఫొటో పక్కన గోడకి ఒక మేకు కొట్టింది. ఎందుకని అడిగితే ఉండనివ్వండి అంది. క్యాలెండర్‌కి కాబోలు అనుకున్నాను.

ఇంక నా పథకం వినండి. నేను రానంటే బాగుండదు. ఆవిడే వద్దనాలి. ఆవిడ ఎప్పుడు వద్దంటుంది? ఎక్కడమంటే ఏమిటో ఒంటికి తెలిసినప్పుడు. ఒంటికి ఎలా తెలుస్తుంది? మెట్లెక్కితే. మెట్లు ఎప్పుడెక్కుతుంది? లిఫ్టు ఆగిపోతే. ఆ లిఫ్టు తాళం ఎవరి దగ్గరుంది?

మంగళవారం పొద్దున అన్ని అంతస్తుల్లోనూ బోర్డులు కట్టేశాను. "లిఫ్టు మరమ్మతులో ఉన్నది. బ్రేకు కాయిల్ రావలెను." బ్రేకు కాయిల్ చాలా దూరం నుంచి రావాలనీ, మూడు వారాలు పట్టచ్చనీ అందరికీ చెప్పాను. ఫిర్యాదులు మా ఆవిడకే వెళ్లాయి. ఆవిడ చీటీ రాసి నాకే ఇచ్చింది. నేను చీటీ వెనక "విడిభాగం కోసం ఎదురుచూపు" అని రాసి ఆవిడకే ఇచ్చాను. ఆవిడ దాన్ని జాగ్రత్తగా సొరుగులో పెట్టుకుంది. ఇంత సాఫీగా సాగిన మోసం మా కంపెనీ చరిత్రలో లేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఎనిమిదంతస్తులూ ఎక్కి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. కుర్చీలో కూలబడింది. నేను మంచినీళ్లు అందిస్తూ, పాపం ఆరు రోజులు ఇలాగే ఉంటుందేమో అని మెల్లిగా అన్నాను.

"ఎంత మంచి రోజు ఆగిందండీ లిఫ్టు. శిక్షణకి ఎక్కడికి వెళ్లాలా అనుకుంటున్నా. ఇంట్లోనే దొరికింది," అంది.

నీళ్లు తాగింది ఆవిడ, పొలమారింది నాకు.

మరి నేనెలా ఎక్కేవాణ్ణి? ఎక్కేవాణ్ణి కాదు. ఆవిడ ఎనిమిదిన్నరకే వెళ్లిపోతుంది. తొమ్మిదీ పదికి నేను తాళం తిప్పి హాయిగా లిఫ్టులో దిగేవాణ్ణి. సాయంత్రం ఆవిడకంటే ముందే వచ్చి లిఫ్టులోనే ఎక్కేవాణ్ణి. చప్పుడు విని ఎవరైనా అడిగితే "టెస్టింగ్" అనేవాణ్ణి. ఆ మాట వింటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

రెండో వారానికి మా ఆవిడ వీపున సంచీ తగిలించుకుంది. అందులో ఆఫీసులో మూలపడ్డ పాత టెలిఫోన్ డైరెక్టరీలు నాలుగు. కొండల్లో సామాన్లతో నడవాలి కదా అంది. ఏమే, ఊరి జనాభా మొత్తాన్ని మోస్తున్నావు అన్నాను. మిమ్మల్ని మోసినదాన్ని, ఊరెంత అంది.

ఆ ఆదివారం నన్నూ మెట్లెక్కడానికి తీసుకెళ్లింది. కొండలెక్కినవాడు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందట. రెండో అంతస్తు దాటేసరికి నా ఊపిరి నాకంటే ఒక అంతస్తు కింద ఉండిపోయింది. ఆగాలంటే పరువు పోతుంది. అందుకని చెయ్యి పైకెత్తి, "ఇక్కడ ఆగాలి. అనుభవం లేనివాళ్లు గబగబా ఎక్కేస్తారు. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి అంతస్తుకీ ఒంటిని అలవాటు చెయ్యాలి," అని గంభీరంగా చెప్పాను.

రెండో అంతస్తు దర్జీ అది విన్నాడు. ఆయన్ని అందరం కత్తెర బాబాయి అంటాం. పాపం నిజమే కాబోలు, తనకీ మూడో అంతస్తు దగ్గర తల తిరుగుతోంది అన్నాడు. లోపలికెళ్లి స్టూలు తెచ్చి గుమ్మం పక్కన వేశాడు. సాయంత్రానికి అది మొదటి శిబిరం అయ్యింది. నాలుగో అంతస్తువాళ్లు కుండతో నీళ్లు పెట్టారు, అది రెండో శిబిరం. ఆరో అంతస్తు పళ్ల డాక్టరు తన క్లినిక్‌లో పాత కుర్చీ, అదే, వెనక్కి వాలేది, తెచ్చి వేశాడు. మూడో శిబిరానికి చేరినవాళ్లు అందులో పడుకుని అలవాటు కొద్దీ నోరు తెరిచేవాళ్లు.

మా సంఘం అధ్యక్షుడు ఎక్కడో ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ప్రతిదానికీ కాగితం అంటిస్తాడు కాబట్టి ఆయన పేరు సర్క్యులర్ గారు. మర్నాటికే మెట్ల దగ్గర కాగితం వెలిసింది. "ఎక్కువారు ఎడమ ప్రక్కను, దిగువారు కుడి ప్రక్కను నడువవలెను. ఆయాసపడువారు మెట్ల మధ్యలో ఆయాసపడరాదు. శిబిరములలో మాత్రమే ఆయాసపడవలెను."

మా ఆవిడ సాంస్కృతిక భాగం కూడా వదల్లేదు. ఆ దేశంలో కొండదారుల వెంట రంగురంగుల ప్రార్థనా జెండాలు కడతారట, గాలికి అవి ఊగితే అందరికీ మంచి జరుగుతుందట. కత్తెర బాబాయి దగ్గర మిగిలిన ముక్కలన్నీ కుట్టించి కింద నుంచి పై దాకా రెయిలింగుకి కట్టించింది. అందులో నా పాత చొక్కా ఒకటి గుర్తుపట్టాను. మూడేళ్లుగా వెతుకుతున్నాను దానికోసం.

తర్వాత మౌనం. ఆరామంలో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మాట్లాడకూడదు కాబట్టి ఆదివారాలు అభ్యాసం చేస్తానంది. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎనిమిదింటికి పలక పట్టుకుని కూర్చుంది. పేపర్ ఎక్కడ పెట్టావు అని అడిగాను. "వెతకడమే సాధన" అని రాసి చూపించింది. టీ ఉందా అంటే "కోరికే దుఃఖానికి మూలం" అని రాసింది. నోటితో అయితే ఇంత చిన్న మాటలతో ఎప్పుడూ కొట్టలేదు. పదకొండింటికి నేనే బతిమాలాను, మాట్లాడవే అని. "ఇంకో గంట" అని రాసి, కింద ఒక చిన్న చిరునవ్వు గీసింది.

ఇదంతా సరదాగానే ఉంది కానీ, ఒక్క విషయం మాత్రం నన్ను నిజంగా పొడిచింది. ఏడో అంతస్తులో అత్తయ్యగారు ఉంటారు. అత్తయ్యగారంటే నాకు కాదు, భవనం మొత్తానికి. నర్సుగా చేసి రిటైరయ్యారు, ఒంటరి మనిషి, చేతిలో కర్ర. లిఫ్టు ఆగిన మొదటి వారం ఆవిడ కిందికి దిగనేలేదు. బాల్కనీలోంచి వీధిని చూస్తూ కూర్చునేవారు. నాకు సిగ్గేసింది. ఒక రోజు వెళ్లి, అత్తయ్యగారూ టెస్టింగ్‌లో మిమ్మల్ని కిందికి దింపుతాను, ఎవరికీ చెప్పకండి అన్నాను. ఆవిడ నన్ను కళ్లద్దాల పైనుంచి ఎగాదిగా చూశారు.

"బ్రేకు లేని లిఫ్టులో నన్నెక్కిస్తావా నాయనా? నువ్వెళ్లు. మీ ఆవిడ రేపట్నుంచి నన్ను నడిపిస్తానంది."

నడిపించింది కూడా. మొదటి రోజు ఒక్క అంతస్తు, రెండో రోజు రెండు. చెయ్యి పట్టుకుని, కబుర్లు చెప్తూ, వీపు మీద డైరెక్టరీలతో. మూడో వారానికి అత్తయ్యగారు కర్ర చంకలో పెట్టుకుని ఎక్కడం మొదలెట్టారు. వాళ్లిద్దరూ నవ్వుకుంటూ వెళ్తుంటే తలుపు సందులోంచి చూసి, నేను చేసింది ఎంత చెత్త పనో నాకు అర్థమైంది. మా ఆవిడ అలా నవ్వగా చూసి చాలా ఏళ్లయింది. లిఫ్టు బాగుచేసేద్దామా అనుకున్నాను. బాగుచెయ్యడానికి చెడిపోతే కదా.

ఈలోగా పులి మీద స్వారీలా తయారైంది నా బతుకు. భవనంలో తొమ్మిది మంది మేమూ ఆ దేశానికి వస్తామన్నారు. అందరూ కలిసి నన్ను నాయకుణ్ణి చేశారు. సర్క్యులర్ గారు కాగితం అంటించారు. "శనివారము ఉదయము పది గంటలకు మేడమీద 'పర్వతములు, నేను' అను అంశముపై మన భవనపు పర్వతారోహకుడు ప్రసంగించును. అందరూ మెట్లు ఎక్కి రావలెను." చివరి వాక్యం అనవసరం, ఇంకో దారి ఉందని నా ఒక్కడికే తెలుసు.

శనివారం మా ఆవిడకి ఆఫీసుంది. మీ ప్రసంగం వినలేకపోతున్నా అని ఎంతో నొచ్చుకుంటూ వెళ్లింది. నేను లైబ్రరీ పుస్తకంలోంచి ఏడు పేజీలు రాసుకుని, కిందనుంచి ఎక్కొచ్చినట్టు కనపడాలని నడక పేరుతో కిందికి దిగి, తొమ్మిదీ యాభైకి తిరిగొచ్చాను. మెట్ల మీద పురుగు లేదు, జనమంతా మేడమీద. నా ఆలోచన ఏమిటంటే, లిఫ్టులో ఏడో అంతస్తు దాకా వెళ్లడం, మిగతాది నడిచి, రొప్పుతూ మేడమీద కనపడటం. చెమట కోసం జేబులో చిన్న సీసాలో నీళ్లు కూడా పెట్టుకున్నాను. ఇంత ముందుచూపు నేను మంచి పనులకి ఎప్పుడూ వాడలేదు.

తాళం తిప్పాను. లిఫ్టు లేచింది. అయిదు దాటింది. టక్కున ఆగింది. ఫ్యాను ఆగింది, లైటు ఆరిపోయి మూలనున్న చిన్న బ్యాటరీ దీపం వెలిగింది.

నాకు తెలిసిన బొత్తాలన్నీ నొక్కాను. తెలిసినవాడిగా నొక్కాను, తెలియనివాడిగా నొక్కాను, బతిమాలుతూ నొక్కాను. కరెంటే లేనప్పుడు నా ఇరవై ఆరేళ్ల అనుభవం ఎందుకు పనికొస్తుంది. పైనుంచి పర్వతారోహకుడు ఏడీ అని అరుపులు వినిపిస్తున్నాయి. మిగిలింది ఒకటే, ఎర్ర బొత్తాం. నొక్కితే ఎవరెత్తుతారో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పావుగంటకి గాలి ఆడనట్టు అనిపించింది. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నొక్కాను.

"నమస్కారం, లిఫ్టు ఫిర్యాదుల విభాగం. ఈ సంభాషణ రికార్డు అవుతుంది. చెప్పండి," అంది తీయటి గొంతు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు.

లిఫ్టు ఆగిపోయిందని బొంగురుగా చెప్పి, భవనం పేరు చెప్పాను.

"ఆ భవనంలో లిఫ్టు నెల్లాళ్లుగా నడవట్లేదండీ. నడవని లిఫ్టు ఎలా ఆగింది?"

తెలీదన్నాను.

"సరే, కంగారు పడకండి. లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కణ్ణే."

"మా మెకానిక్‌ని పంపిస్తాను. చాలా అనుభవం ఉన్న మనిషి. ఒక్క నిమిషం లైన్లో ఉండండి, ఆయనకి ఫోన్ చేస్తాను."

నా జేబులో కోడి కూసింది. నా ఫోను మోత అది. పొద్దున్నే లేవడానికి పనికొస్తుందని పెట్టుకున్నాను. లిఫ్టు గుంతలో ఆ కూత ఎనిమిదంతస్తులూ మార్మోగింది. జేబులో చెయ్యి పెట్టి నొక్కేద్దామని కంగారులో సీసా మూత ఊడదీశాను. చెమట కోసం తెచ్చిన నీళ్లు ప్యాంటు మీద పడ్డాయి.

"మీ దగ్గర కోడి ఉందాండీ?" అంది మా ఆవిడ.

ఉందన్నాను.

"లిఫ్టులో కోళ్లని ఎక్కించకూడదండీ. రాసుకుంటున్నాను. ఒక మనిషి, ఒక కోడి."

కూత విని పైనుంచి జనం మెట్ల మీదకి పరిగెత్తుకొచ్చారు. కొండల కోసం కొన్న తాడు పట్టుకుని, రెండో శిబిరానికి ఒక జట్టు, మూడో శిబిరానికి ఒక జట్టు. కోడి గుంతలో పడిందని ఒకరు, కాదు నాయకుడే పడ్డాడని ఒకరు. తలుపు మీద దబదబా బాదుతున్నారు. ఇంక రుమాలు తీసేశాను.

"నేనే," అన్నాను.

"తెలుసు," అంది. ఈసారి ఇంటి గొంతు. "మా గదిలో బోర్డుంది కదా, ఒక్కో లిఫ్టుకి ఒక్కో దీపం. లిఫ్టు కదిలితే పచ్చగా వెలుగుతుంది. మీరు బోర్డులు కట్టిన మంగళవారం నుంచి రోజూ తొమ్మిదీ పదికి మన భవనం దీపం వెలుగుతోంది. ఇందాక వెలగగానే, మెయిన్ స్విచ్ దగ్గర కాపలా పెట్టిన సర్క్యులర్ గారికి నేనే ఫోన్ చేసి తీసెయ్యమన్నా."

ఆ బోర్డుకి వైర్లు లాగింది నేనే. పదకొండేళ్ల కింద. ఆ సంగతే మర్చిపోయాను.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు చెప్తారని."

తలుపవతల గోల, ఇవతల చీకటి. ఎత్తు కనపడట్లేదు కాబట్టి కాబోలు నాకు ధైర్యం వచ్చింది. మొత్తం చెప్పేశాను. కాయిల్ చెడలేదని చెప్పాను. కొండంటే చచ్చేంత భయమని చెప్పాను. మా తమ్ముడికి పెళ్లి కుదరనే లేదని చెప్పాను. చివరికి ఫొటో దగ్గరకొచ్చాను.

"ఆ ఫొటోలో కొండ..."

"పరదా. ఆకాశంలో మడత కనపడుతోంది. మొదటిసారి చూసినప్పుడే చూశా. రాయికి నాలుగు కాళ్లున్నాయి కూడా."

ఇరవై రెండేళ్లు! నేను కొండని పెంచుకుంటూ పోయాను, ఆవిడ ఆ మడతని చూసుకుంటూ కూర్చుంది. అన్నీ తెలిసి నన్నెందుకు చేసుకున్నావే అని అడిగాను.

"బొమ్మ కొండ ముందు కూడా అంత భయపడుతూ నిలబడ్డ మనిషిని నేనెక్కడా చూళ్లేదండీ. ఇంత భయస్తుడు నన్నేం బాధపెడతాడులే అనుకున్నా. ఐదుసార్లు కొండ కాదన్నప్పుడే కొంచెం బాధపెట్టారు."

కరెంటు వచ్చింది. లిఫ్టు ఆరో అంతస్తుకి జానెడు కింద ఆగి తలుపు తెరుచుకుంది. అత్తయ్యగారు కర్ర వంకీ నా కాలరుకి తగిలించి పైకి లాగారు. బయట తాడుతో పన్నెండు మంది, నేను ఏడు పేజీలతో, తడిసిన ప్యాంటుతో. నీళ్లేనని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. పళ్ల డాక్టరు కుర్చీ దగ్గరే నిలబెట్టి ప్రసంగించమన్నారు. ఆ ఏడు పేజీలు మడిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. నా ప్రసంగానికి జనం అంతలా చప్పట్లు కొడతారని నేనెప్పుడూ అనుకోలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది కత్తెర బాబాయి, పలచటి గాలి పేరుతో పది రోజులు తల తిరిగింది ఆయనకే మరి. సర్క్యులర్ గారు అక్కడికక్కడే జేబులోంచి కాగితం తీశారు.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. మామూలుగానే మెట్లెక్కి వచ్చింది, లిఫ్టు నడుస్తున్నా కూడా. టీ పెట్టి ఎదురుగా నిలబడ్డాను. భయమే కానీ వస్తాను, నీతో వస్తాను అన్నాను. నిజంగానే అన్నాను.

ఆవిడ యాత్ర దరఖాస్తు తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరి పేర్లున్నాయి. ఒకటి ఆవిడది. రెండోది ఏడో అంతస్తు అత్తయ్యగారిది. కింద తేదీ చూస్తే, నేను బోర్డులు కట్టిన మంగళవారానిది.

"అత్తయ్యగారు అప్పటికి ఒక్క మెట్టు కూడా దిగలేదు కదే."

"దిగుతారని తెలుసు. మీరు ఎక్కరనీ తెలుసు."

చెప్పొద్దూ, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పించుకోవాలని నెల్లాళ్లు నానా తంటాలూ పడ్డవాడికి, తీరా తప్పిపోయాక ఇంత బాధ ఎందుకో. నాకు చోటేమీ లేదా అని అడిగాను. ఆవిడ కాగితం తిప్పింది. వెనక ఒక ప్రశ్న ఉంది. "సామాను మోయుటకు మనిషి కావలెనా?" దాని ఎదురుగా మా ఆవిడ గుండ్రటి అక్షరాలు: "అక్కరలేదు. మా మనిషి ఉన్నాడు." అదీ ఆ మంగళవారమే రాసింది.

వచ్చే నెల ప్రయాణం. లిఫ్టు ఇప్పుడు అందరికీ నడుస్తుంది, నాకు తప్ప. తాళం అత్తయ్యగారి దగ్గరుంది, సర్క్యులర్ గారు దానికి కాగితం కూడా అంటించారు. నేను రోజుకి రెండుసార్లు నూట డెబ్భై ఆరు మెట్లూ ఎక్కుతున్నాను, వీపు మీద ఎనిమిది డైరెక్టరీలతో. నాలుగు ఆవిడవి, నాలుగు అత్తయ్యగారివి.

నిన్న రొప్పుతూ ఇంట్లోకొచ్చి, ఖాళీగా ఉన్న ఆ మేకు చూసి, దీనికి క్యాలెండర్ ఎప్పుడు తగిలిస్తావు అని అడిగాను.

"అది మీ కొత్త ఫొటోకి. నిజం కొండ ముందు తీయిస్తా. పాతది తీసెయ్యను, రెండూ పక్కపక్కనే ఉండాలి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "అక్కడ కూడా అలాగే భయపడుతూ నిలబడండి. లేకపోతే మీరు కాదేమో అనుకుంటా."

ఆ విషయంలో మాత్రం ఏ లోటూ రానివ్వనని మాటిచ్చాను.